కాయకము – కాయరక్షణ

పనిచోట మనుష్యునికి హాని కలిగినప్పుడు లోకము సాధారణముగా రెండు మాటలు పలుకును. "వాని కర్మ" అనునది మొదటిది. "వాని అజాగ్రత్త" అనునది రెండవది. ఒకటి వేదాంతమువలెను, మరియొకటి వ్యవహారజ్ఞానమువలెను తోచును గాని, రెండును చేయు పని యొక్కటే. దెబ్బతిన్నవానివైపే వ్రేలు చూపి, పని చేయించినవానిని విచారణనుండి తప్పించును. కాయకమును దైవారాధనగా భావించువారు ఈ మాటలను ఎంతవరకు ఒప్పుకొనవచ్చునో విచారింపవలసి యున్నది.

కుప్పము పరిసరములందలి రాతిగనులను చూచినచో ఈ ప్రశ్న కన్నులకు కట్టును. 'కుప్పం గ్రీన్' అను పేర వర్తకులెరిగిన ఆకుపచ్చని గ్రానైట్ ఆ సీమ రాయి. కంప్రెసర్ గాలితో నడచు యంత్రమును బండపై నిలిపి వరుసగా రంధ్రములు వేసి, దిమ్మెను విడదీసి, క్రేనుతో ఎత్తి లారీ కెక్కింతురు. పిదప కోతమిల్లులో పలకలుగా కోసి మెరుగు పెట్టుదురు. దిమ్మె జారుట, ఇనుపతాడు తెగుట, గని అంచునుండి పడుట అందరెరిగిన ప్రమాదములే. అవి చప్పుడు చేయును. నలుగురు పరుగెత్తి వత్తురు. చప్పుడు చేయని ప్రమాదము వేరొకటి కలదు. అది ధూళి.

గ్రానైట్ జాతి రాళ్లలో సిలికా అధికము. పొడిరాతిలో రంధ్రము వేయునప్పుడు తెల్లగా లేచు దుమ్ములో కంటికి కనబడు ముతక రేణువులకంటె కనబడని సూక్ష్మరేణువులే హానికరములు. అవి ఊపిరితిత్తుల లోతునకు పోయి అక్కడనే నిలిచి, మెత్తని కండను గట్టిపరచును. ఈ వ్యాధియే సిలికోసిస్. ఎక్కువమందికి పదియేండ్లో, ఇంకను పైనో పనిచేసిన పిమ్మట గాని ఆయాసము తెలియదు. తెలిసిన తరువాత పని మానినను వ్యాధి ముదురుచునే యుండవచ్చును. దీనిని మాన్పు ఔషధము నేటికిని లేదు. పైగా ఈ వ్యాధి యున్నవానికి క్షయ సోకుట మిక్కిలి సులభము.

క్షయ యనగానే మదనపల్లెవారికి ఆరోగ్యవరము స్ఫురించును. 1915లో అక్కడ వెలసిన శానిటోరియమునకు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ తొలి అధిపతి. దేశపు నలుమూలలనుండి దగ్గుతో, జ్వరముతో వచ్చినవారికి ఆ కొండగాలి ఆశ్రయమిచ్చినది. ఆ సీమలో దగ్గునకు క్షయ యని పేరు పెట్టుట అలవాటగుట సహజమే. కాని "నీవు చేయు పని యేమి?" అని అడుగనిచో రాతిదుమ్ముచే చెడిన ఊపిరి సైతము క్షయ పేరనే చీటీ కెక్కును. రోగి మందు మ్రింగుచు మరల ఆ గనికే పోవును. రోగిని అడుగవలసిన ప్రశ్నలలో వృత్తినిగూర్చిన ప్రశ్నను చేర్చవలెనని ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే వ్రాసెను. మూడువందల యేండ్లు గడచినను ఆ ప్రశ్నకు పలు ఆసుపత్రుల చీటీలలో గడియే లేకుండుట విచారకరము.

ఇక కర్మవాదమునకు సమాధానము వెర్మాంట్‌లో దొరకును. అమెరికాలోని ఆ రాష్ట్రమున బారే అను పట్టణము గ్రానైట్‌కు ప్రసిద్ధము. గాలియంత్రములు వచ్చిన తరువాత అచటి రాతిపనివారు సిలికోసిస్‌తోడను, క్షయతోడను విరివిగా మరణించిరి. అచటను ఒక క్షయ శానిటోరియము వెలసినది. 1930ల చివర షెడ్లలో దుమ్మును పుట్టినచోటనే పీల్చివేయు గొట్టములు అమర్చిరి. ఆ తరువాత పనిలో చేరినవారిలో ఈ వ్యాధి దాదాపు మాయమైనది. ఆ ఊరివారి పూర్వజన్మఫలము ఒక్కమారుగా మారెనని గాని, వారందరును ఒక్కమారుగా జాగ్రత్తపరులైరని గాని ఎవరును అనజాలరు. మారినది గొట్టము.

భద్రతా నిర్వహణ యనబడు శాస్త్రమంతయు ఈ యెరుకపై నిలిచినది. మనుష్యుడు అలసిపోవును, మరచును, తొందరపడును. వాని పొరపాటు వాని ప్రాణము తీయకుండునట్లు పనిని ముందే అమర్చవలెను. కావున మొదట ప్రమాదమునే తొలగింప వీలున్నదేమో చూడవలెను. వీలుకానిచో దానికి బదులు తక్కువ హాని గలది వెదకవలెను. అదియు కానిచో ప్రమాదమును మూలముననే కట్టడి చేయవలెను. రాతికి రంధ్రము వేయునప్పుడు నీరు పట్టుట ఇట్టిది. నియమములు, శిక్షణ తరువాతివి. మాస్కు చిట్టచివరిది. మన పనిచోట్ల ఈ వరుస తలక్రిందులుగా నడచుచున్నది. ముందుగా మాస్కు చేతికిచ్చి, దానితో బాధ్యత తీరెనని భావింతురు. చాలచోట్ల ఆ మాస్కును ఉండదు. తలగుడ్డను నోటికి చుట్టుకొనుటయే రక్ష. ఆ గుడ్డ నేతలోని సందులముందు సిలికా రేణువు ఏనుగు వాకిట చీమ వంటిది.

యజమాని చెప్పుకొను కష్టములు అన్నియు బొంకులని కొట్టివేయరాదు. కుప్పము కరవు సీమ. త్రాగునీటికే వెదకుకొనిన యేండ్లు అచట నుండినవి. బండకు పోయుటకు నీరెక్కడిదని అడుగుట న్యాయమే. అయినను వాడిన నీటిని గుంటలో తేర్చి మరల వాడుకొనవచ్చును. నీరే లేనిచో దుమ్మును సంచిలోనికి లాగు యంత్రము కలదు. ఖర్చు అగును. ఆ ఖర్చు రాతి ధరలో చేరవలెనా, డ్రిల్లరు ఊపిరిలోనుండి తీసివేయవలెనా యనుటయే ప్రశ్న.

కూలి లెక్కయు చూడవలెను. ఇన్ని అడుగుల రంధ్రమునకు ఇంత యని కూలి కట్టి, "నెమ్మదిగా, జాగ్రత్తగా చేయుము" అని గోడమీద వ్రాయించుటలో అర్థము లేదు. గోడ యొకటి చెప్పుచుండగా, శనివారమునాటి బట్వాడా వేరొకటి చెప్పును. బిడ్డలు గలవాడు బట్వాడా మాటనే వినును.

పరికరములున్నను వ్యవస్థ లేనిచో ఏమగునో 2020 మే 7వ తేదీన విశాఖపట్టణము చూచినది. ఆర్.ఆర్. వెంకటాపురములో స్టైరీన్ ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించిరి. ట్యాంకులోని ఉష్ణోగ్రతను అడుగుభాగముననే కొలుచుచుండిరనియు, పైభాగము వేడెక్కుట తెలియలేదనియు, సైరన్ ఉండియు మ్రోగలేదనియు ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తేల్చినది. సైరన్ కొనుటకు ధనము చాలును. అది మ్రోగుటకు, "ఇది నా పని" అని ముందే ఎరిగిన మనుష్యుడు కావలెను.

అట్టి మనుష్యుడు తయారగుటకు భయము అడ్డు. తాడు సగము తెగి, దిమ్మె ఒరిగి, ఎవరికిని తగులక తప్పిపోయిన దినమున మేస్త్రీ "గండము గడచినది" అని కొబ్బరికాయ కొట్టించును. కొట్టించుటలో దోషము లేదు. కాని ఆ తాడు ఎందుకు తెగెనో ఎవరును అడుగరు. తెగినదని చెప్పినవాడు తిట్లు తినును, లేదా మరునాడు పనిలో నుండడు. తప్పిపోయిన ప్రమాదమును చెప్పినవానిని దండింపక మన్నించుట ఈ వ్యవస్థకు ప్రాణము. పుస్తకములు, పట్టికలు, ధ్రువపత్రములు దాని తరువాతివే.

చట్టములకు కొదువ లేదు. కర్మాగారములకు 1948లోను, గనులకు 1952లోను చట్టములు వచ్చినవి. భోపాలు దుర్ఘటన తరువాత 1987లో మొదటి చట్టమును బిగించిరి. ఆ రెంటిని మరి కొన్నిటితో కలిపి 2020లో చేసిన స్మృతి 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పుంగనూరులో ఇంటి పంచన కూర్చుండి చింతకాయలు కొట్టి గింజ తీయు నలుగురు స్త్రీలవద్దకు ఏ ఇన్‌స్పెక్టరును రాడు. అక్కడ చట్టము ఇంటి పెద్దయే. వారు కూర్చుండుచోట వెలుతురు, గాలి ఉన్నవా, వ్రేలు నలిగిన స్త్రీకి ఆనాటి కూలి దక్కునా యనునవి ఆయనయే తీర్పవలసిన ప్రశ్నలు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపుగింజలు ఏరుటయే కాయకముగా జీవించెను. ఒకనాడు అతడు మామూలుకంటె హెచ్చుగా తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ, ఆ యెక్కువ తమది కాదని తిరిగి పోసి రమ్మనెను. ఆ బియ్యము దొంగసొమ్ము కాదు. అయినను తమ పాలునకు మించినదని ఆమె దాసోహమునకు ఒప్పుకొనలేదు. నీటిగొట్టము పెట్టక మిగిల్చిన సొమ్మును లక్కమ్మ ఏమనియుండును? అది ఇంకొకని ఊపిరినుండి మిగిలినది. దానితో మఠమున అన్నదానము జరిపించి శిలాఫలకము చెక్కించుకొనుటకు ముందు దాతయు, స్వీకరించుటకు ముందు మఠాధిపతియు ఒక్క మాట అడిగికొనినచో అపచారము కానేరదు: ఈ ఫలకమును చెక్కినవాడు ఎట్టి గాలి పీల్చుచున్నాడు?

కుప్పమునకు అనతిదూరముననే కోలారు బంగారు గనులు ఉండినవి, 2001లో మూతపడినవి. చిత్తూరు సీమనుండి తెలుగు కూలీలు తరతరములుగా అచ్చటికి పోయిరి. మన దేశమున సిలికోసిస్‌ను వెల్లడించిన తొలి నివేదికలలో ఒకటి 1947లో ఆ గనులనుండియే వచ్చినది. నేటి రాతి కూలీయు అట్లే మూడు రాష్ట్రముల సరిహద్దులో తిరుగువాడు. ఈ యేడు కుప్పము, పైయేడు కృష్ణగిరి, ఆపైన కోలారు. వాని ఛాతీ ఎక్స్‌రే తీయించినను అది ఆఫీసు బీరువాలోనే యుండిపోవును. వాడు మాత్రము వట్టిచేతులతో మరియొక మేస్త్రీ వద్దకు పోవును. ఆ ఎక్స్‌రే నకలు ఒకటి వాని చేతికే యిచ్చి, "ఇంతకాలము ఇక్కడ ఈ పని చేసెను" అని ఒక్క పంక్తి వ్రాసి సంతకము చేయుటకు యజమానికి ఐదు నిమిషములు చాలును.