చేయి పట్టని చోటు

అందని పూలు దేవుని కర్పణమని మనవారు సామెత చెప్పుదురు. చిటారు కొమ్మన పూచిన పువ్వు తన చేతి కందనప్పుడు మనుజుడు దానిని దేవునికి సమర్పించితినని చెప్పి, భక్తుడను పేరు కూడ సంపాదించుకొనును. ఇందువలన నష్టపడినవా డెవడును లేడు గనుక మనము నవ్వి యూరకుందుము. కాని చేతి కందనిది పువ్వు గాక, మండు వాయువును బంధించి యుంచవలసిన గొట్టము వెనుకనున్న బోల్టు అయినచో, దానిని కూడ దేవునికే విడిచిపెట్టుట ధర్మమా? అట్లు విడిచినవాని దోష మెంత? అది చేతి కందకుండునట్లు అమర్చినవాని దోష మెంత? ఇందు విచారింపదలచిన విషయ మిది.

ఇది యంత్రశాలల సంగతి, మన కేల యని చదువరులు దీనిని త్రోసివేయరాదు. నేడు మన యిండ్లకు వచ్చు నీరు, వంటగ్యాసు, మన బిడ్డలు త్రాగు పాలు, రోగులు పుచ్చుకొను మందులు, ఇవన్నియు గొట్టములగుండను తొట్లగుండను ప్రయాణము చేసియే మనలను చేరుచున్నవి. ఆ దారిలో ప్రవాహము నాపుటకును విడుచుటకును వాల్వులును, వేడిమిని ఒత్తిడిని కనిపెట్టుటకు సెన్సర్లును అమర్చబడి యుండును. వాల్వు యంత్రమునకు చేయి, సెన్సరు కన్ను. ఈ రెంటిని వాని వాని స్థానములందు పట్టి యుంచునవి బోల్టులు. మన మెన్నడును చూడని యొక పనివాడు, మన మెన్నడును చూడని యొక మూల, చేసిన బిగింపును నమ్మి మనము రాత్రి నిదురపోవుచున్నాము.

ఈ బిగింపు చూచువారికి సులభముగా తోచును గాని యందులో సూక్ష్మము కలదు. బోల్టును బిగించునపుడు అది కొంచెము సాగును. సాగిన తీగ ముడుచుకొనజూచునట్లు ఆ బోల్టును ముడుచుకొనజూచుటచేతనే రెండు లోహపు పెదవులును వాని నడుమనుండు గాస్కెట్టును అదిమిపట్టబడి యుండును. కాని పానాను త్రిప్పు బలములో నూటికి 90 పాళ్లవరకు రాపిడికే వ్యయమై, రమారమి 10 పాళ్లు మాత్రమే బోల్టును సాగదీయుటకు వినియోగపడును. మరలో మురికి యున్నను, నూనె లోపించినను ఆ స్వల్పభాగము కూడ తగ్గిపోవును. అందుచేత చేతికి గట్టిగా నున్నంతమాత్రమున బోల్టు బిగిసినదని చెప్ప వీలులేదు. మరియు ఎనిమిది బోల్టుల చుట్టును వరుసగా బిగించుకొనిపోరాదు. ఒకదానిని, పిదప దాని కెదుటిదానిని, ఇట్లు ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా, పలుమారులు బిగింపవలయును. అప్పుడుగాని గాస్కెట్టు నలుప్రక్కల సమముగా అణగదు.

ఇక నా యెనిమిదింటిలో రెండు గోడవైపున నున్నవనుకొందము. అచట పానా త్రిప్పుటకు చోటులేదు. ఒక్కొక్క త్రిప్పునకు వ్రేలి వెడల్పంతయే కదలును. కన్ను దూరదు, దీపము దూరదు, మోచేయి వేడి గొట్టమునకు తగులుచుండును. అందుటకై పానాకు కొస యొకటి తగిలించినచో క్రొత్త చిక్కు వచ్చును. ఆ కొసను లంబముగా నిలిపిన లెక్క మారదు గాని, 500 మిల్లీమీటర్ల టార్కు పానాకు 50 మిల్లీమీటర్ల కొసను తిన్నగా చేర్చినచో, అసలు బిగింపు పానా చూపు అంకెకంటె పదవవంతు హెచ్చుగా నుండును. ఇన్ని యిబ్బందుల నడుమ పనివాని మనస్సున ఒక మాట మెదలును: “ముందటి యారింటిని మరికొంత బిగించిన చాలదా? వెనుకటి రెంటిని ఎవరు చూడవచ్చిరి?” పువ్వు దేవుని కర్పింపబడు క్షణ మిదియే.

నీతివాదు లిచట వెంటనే తీర్పు చెప్పుదురు. ఎవ్వరును చూడనిచోట గూడ నిజాయితీగా నుండువాడే నిజాయితీపరుడు. గోడవెనుకటి బోల్టు మనస్సాక్షికి పరీక్ష. అందు తప్పినవాడు దోషి. ఈ మాట యసత్యము కాదు. కాని యిది సగము సత్యము. సగము సత్యము తరచుగా బలహీనుని మీదనే పడుచుండును. జరిగిన సంగతు లొకటి రెండు చూతము.

1990 జూన్ 10వ తేదీన ఇంగ్లండులోని బర్మింగుహాము నుండి స్పెయిను దేశమునకు బయలుదేరిన యొక విమానము 17,000 అడుగుల యెత్తు దాటగానే దాని ముందరి యద్దములలో నొకటి యూడిపోయెను. ప్రధాన చోదకుడు ఆ కంతగుండ నడుమువరకు వెలుపలికి లాగబడెను. తోడి సిబ్బంది యతని కాళ్లు పట్టుకొని వ్రేలాడి రక్షించిరి, రెండవ చోదకుడు విమానమును క్షేమముగా దింపెను, ఒక్కరును మరణింపలేదు. విచారింపగా, ఆ యద్దమును పట్టి యుంచిన 90 బోల్టులలో 84 ఉండవలసినదానికంటె సన్ననివనియు, తక్కిన 6 పొట్టివనియు తేలెను. విమానము బయలుదేరుటకు ముందటి దినము తెల్లవారుజామున వానిని బిగించినవాడు చేతగానివాడు కాడు. ఆ పూటకు పై యధికారియే. పాత బోల్టులతో కంటికి సరిచూచి క్రొత్తవి తెచ్చెను. అది యతని తప్పే. కాని యతడు నిలుచుటకు దొరికిన మంచె విమానపు ముక్కునకు ప్రక్కగా నుండుటచే, అతడు సాగి వంగి పని చేయవలసివచ్చెను. బోల్టు తల తన గుంటలో వదులుగా కూర్చుండుట అతని చేతి చాటుననే యుండిపోయెను. సన్నని బోల్టు మరలో జారుచుండగా, బిగింపు పూర్తియైనదని సాధనము తెలుపు చప్పుడుగా దానిని భావించెను. ఆ పనిని రెండవవాడు తనిఖీ చేయవలెనను నియమము కూడ నప్పుడు లేదు. అతనికి మనస్సాక్షి లేదని యెవ్వరనగలరు? లేనిది మనస్సాక్షి కాదు. కన్నాని చూచుటకు చోటు.

రెండవ సంగతి యింతకంటె దారుణమైనది. స్కాట్లండు తీరమున కెడముగా ఉత్తర సముద్రములో పైపర్ ఆల్ఫా యను చమురు వేదిక యుండెడిది. 1988 జులై 6వ తేదీన అచట నొక పంపునకు సంబంధించిన రక్షక వాల్వును పరీక్షకై యూడదీసి, ఆ గొట్టపు నోటికి తాత్కాలికముగా మూత బిగించిరి. సాయంకాలమునకు పని ముగియలేదు. వాల్వు లేదను సంగతి వ్రాసిన పత్రము రాత్రి పనివారి కంటబడలేదు. వాల్వు ఉండవలసిన చోటు పంపుచెంత గాక, పైన యంత్రముల చాటున నుండెను. కావున పంపువద్ద నిలిచినవానికి అది లేదను సంగతి కనబడదు. రెండవ పంపు ఆగిపోగా రాత్రివారు దీనిని నడిపింపబూనిరి. ఆ మూత గాలి చొరరానంత గట్టిగా బిగింపబడి యుండలేదని పిదప విచారణ జరిపిన కల్లెన్ ప్రభువు నిర్ణయించెను. వాయువు వెడలి, అంటుకొని, 167 మంది ప్రాణములు పోయెను. 1990లో వెలువడిన యా నివేదికలో 106 సిఫారసు లుండెను. మూత బిగించిన చేతిని మాత్రము దూషించుటతో తీరు పని యైనచో అన్ని సిఫారసు లేల?

కనుక నేను చెప్పదలచిన దేమనగా: నిజాయితీకి వెల యుండును. ఎదుట నున్న బోల్టును సరిగా బిగించుటకు నిమిష మొకటి చాలును. చేయి దూరనిచోట దానినే సరిగా బిగించుటకు అరగంటయు, చర్మము చీరుకొనుటయు, పై యధికారి చీవాట్లును వెలగా చెల్లింపవలయును. ఆ వెలను పెంచినవాడు చల్లని గదిలో కూర్చుండి పటము గీచినవాడు. చెల్లించువాడు గొట్టము క్రింద వెల్లకిల పండుకొన్నవాడు. ఒకని నిజాయితీని దుర్భరము చేసి, అతడు దానిని మోయలేక దించినపుడు నీతులు చెప్పువాడు, ఆ పాపములో భాగస్వామి యగును.

దీనికి రూపకర్తలు చెప్పు సమాధానము లేకపోలేదు. ఓడ యడుగున గాని, మోటారు మూతక్రింద గాని చోటు స్వల్పము. అన్నిటిని బయలున పరచిపెట్టుట యసాధ్యము. చోటు పెంచిన వ్యయము పెరుగును. నిజమే. కాని చోటు లేనపుడును ఉపాయము లున్నవి. వెనుకటి బోల్టు తిరుగకుండునట్లు దాని తలను ముందే బంధించి యుంచవచ్చును. అప్పుడు ఒక చేతితోనే పని జరుగును. వాల్వును కొంచెము త్రిప్పి కూర్చి బోల్టులను వెలుపలి వైపునకు తేవచ్చును. యంత్రపు రేకున తీసివేయదగిన తలుపొకటి పెట్టవచ్చును. బిగించిన నట్టుమీదుగా రంగు గీత గీచి, అది కదలినదీ లేనిదీ అద్దముతోనైన చూడ వీలు కల్పింపవచ్చును. వీనికి కావలసినది ధనముకంటె ముందుగా ఒక యాలోచన: ఈ చోటికి ఒక మనుష్యుని చేయి రావలసి యున్నది గదా యని.

అందుబాటు మోహమునకు రెండవ ముఖము కూడ కలదు. చేతి కందునదే చాలునని తృప్తిపడుట యది. సెన్సరు విషయమున నిది మిక్కిలి ప్రమాదకరము. అది యున్నచోటి సత్యమునే చెప్పును. లేనిచోటి సంగతి దానికి తెలియదు. 2020 మే 7వ తేదీ వేకువను విశాఖపట్టణమున ఆర్.ఆర్. వెంకటాపురమువద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెడలి నిద్రించుచున్న పల్లెలపై పడి 12 మంది ప్రాణములు గొనెను. ప్రభుత్వము నియమించిన ఉన్నత సంఘము తన నివేదికలో, ఆ తొట్టి వేడిమి అడుగుభాగముననే కొలువబడుచుండెననియు, నడుమను పైభాగమునను కొలుచు సాధనము లేదనియు తెలిపెను. అడుగున చల్లగా నున్నదని సాధనము చెప్పినది అబద్ధము కాదు. పైన వేడిమి పెరిగినదనుటయు అబద్ధము కాదు. అబద్ధ మెక్కడ నున్నదనగా, అడుగు చల్లదనమే తొట్టి చల్లదనమని మన మనుకొనుటలో నున్నది. సమాజము సంగతియు నిట్టిదే. పలుకరించుట సులభమైన వారినే పలుకరించి, దేశము క్షేమముగా నున్నదని వ్రాసికొనుట మన కలవాటు గదా!

ఇంతమాత్రమున పనివానికి ధర్మము లేదని నేను చెప్పుటలేదు. అతని ధర్మము అందనిదానిని అందినట్లు నటించుట కాదు. “ఈ రెండు బోల్టులు నాకు బిగిసినట్లు రూఢి కాలేదు” అని చెప్పుట. ఈ యొక్క వాక్యమే యెన్నియో ప్రాణములను కాపాడగలదు. కాని ఈ వాక్యము చెప్పినవానికి నాటి కూలి తెగిపోవునెడల, రేపు దానిని చెప్పువా డుండడు. చెప్పుట పనివాని ధర్మము. కోపింపక వినుట యజమాని ధర్మము. విని పటమును దిద్దుకొనుట రూపకర్త ధర్మము. ఈ మూటిలో మొదటిదానినే బోధించి తక్కిన రెంటిని మరచినవారు నీతిని బోధించుట లేదు, తమ భారమును దించుకొనుచున్నారు.

ఈ విచారమునకు మన యిల్లు వెలియైనది కాదు. క్రొత్త యిల్లు కట్టించువారు నీటి వాల్వును అందము చెడునని బీరువా వెనుకను, వేడినీటి పెట్టెను, దాని రక్షక వాల్వుతో కూడ, పైకప్పు పలకల చాటునను దాచుదురు. పదేండ్లకు అది కారినపుడు నిచ్చెనపై మెడ వంచుకొని కష్టపడువాని పని నిదానమని విసుగుకొందురు. చేయి దూరని సందులో దుమ్ము మిగిలినదని పనిమనిషిని దూషించు గృహస్థు, ఆ సందును కల్పించినవాడు తానేయని తలపడు. ఇతరులచేత మంచి పని కోరువాడు, ఆ పనికి చేయి పట్టునంత చోటు మొదట తానే విడువవలయును. అది దయ కాదు, దానము కాదు. పని చేయించుకొనువాడు చెల్లింపవలసిన మొదటి కూలి.