అంకెలకు మాత్రం సమాన గదులే ఇవ్వు

అల్లుడా, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఒకటి బాగుచేయించుకుని పావగడలో అర్జీలు కొట్టిచ్చే అంగడి పెడుతున్నావని మీ అత్త చెప్పింది. సంతోషం. మన తుమకూరులోనే టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇట్లాంటి ప్రింటర్లు తయారయ్యేవి, మనకు కొత్తదేం కాదు. అయితే అందులోని ప్రపోర్షనల్ వసతి మీద నీకు మోజు ఎక్కువైందట. దాని గురించి నాలుగు మాటలు విను.

మామూలుగా ఆ ప్రింటర్ అంగుళానికి 10 అక్షరాలు కొడుతుంది. సన్నటి 'ఐ'కీ, లావాటి 'డబ్ల్యూ'కీ ఒకే కొలత గది. ప్రపోర్షనల్ పెడితే ఎవరి ఒంటికి తగ్గ చోటు వాళ్లది. ఇంగ్లీషులో బ్యాంకు మేనేజరుకు ఉత్తరం కొట్టాలంటే అదే అందం. ఎప్సన్ కోడ్‌లు తెలిసిన ప్రింటరైతే 27, 112, 1 పంపు, పని మొదలవుతుంది. కుడి అంచు సమంగా రావాలని మాత్రం పట్టుబట్టొద్దు. అక్షరాల వెడల్పులు తెలియని సాఫ్ట్‌వేర్ అన్నిటినీ సమానంగా లెక్కేసి ఆ అంచును వంకరటింకర చేస్తుంది. ఎడమ అంచు నిలబడితే చాలు.

లెక్కల దగ్గర మాత్రం దీన్ని నమ్మొద్దు నాయనా. తిరుమణి ఊరి రైతు ఒకడు సోలార్ పార్కుకు ఇచ్చిన పొలం కౌలు లెక్క కొట్టించుకోను వస్తాడనుకో. మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 అన్నారు కదా, 3 ఎకరాలకు 63,000, 10 ఎకరాలకు 2,10,000. స్పేసులు కొట్టి వరస కలిపితే, ప్రపోర్షనల్‌లో స్పేసుకూ అంకెకూ ఒకే వెడల్పు ఉంటుందన్న భరోసా లేదు. ఒకట్ల కింద పదులు పడతాయి. అంకె ఒక్కటీ తప్పు కాదు, అయినా కూడేవాడు తప్పుతాడు. అందుకే పట్టిక రాగానే 27, 112, 0 పంపి ఆపెయ్. పట్టిక అయినాక మళ్లీ పెట్టుకో. ఒకే కాగితం మీద రెండూ ఉండొచ్చు, ఎవరూ కాదనరు. కాదు, ప్రపోర్షనల్‌లోనే వరసలు కావాలంటావా? 27, 36 కోడ్‌తో అంగుళంలో 60వ వంతుల లెక్కన ప్రతి అంకె మొదలయ్యే చోటు నువ్వే చెప్పాలి. అంత ఓపిక నీకుందని నేననుకోను.

ఇంకొకటి. విండోస్ నుంచి మామూలు డ్రైవర్‌తో కొడితే పేజీ చాలాసార్లు బొమ్మగా పోతుంది, ప్రింటర్ సొంత అక్షరాలు బయటికే రావు. శబ్దమెక్కువ, వేగం తక్కువ. ఉత్త టెక్స్ట్ పంపే డ్రైవర్ పెట్టుకుంటేనే ఈ కోడ్‌ల పని కనబడేది. మనమేమో ఇంట్లో తెలుగు మాట్లాడి తాలూకా ఆఫీసుకు కన్నడలో అర్జీ ఇచ్చేవాళ్లం. ఈ పాత ప్రింటర్ల కడుపులో మామూలుగా ఆ రెండు లిపులూ ఉండవు, అవి చుక్కల బొమ్మగానే రావాలి. వాటి ఎడం చూసుకునేది కంప్యూటర్‌లోని ఫాంటే, ప్రపోర్షనల్ కోడ్ వాటిని తాకదు. కన్నడ అర్జీకి ప్రపోర్షనల్ పెట్టానని గిరాకీ దగ్గర అదనంగా రూపాయి అడిగేవు!

ఒక్కో పని ముగిశాక 27, 64 పంపి ప్రింటర్‌ను మొదటి స్థితికి తెచ్చుకో. లేకుంటే వెనకొచ్చే కిరాణా అంగడాయన బిల్లు కూడా ప్రపోర్షనల్‌లోనే పడుతుంది.