కంటికి కనబడని పని



2020 మార్చిలో కరోనా తెగులు నిమిత్తము దేశమంతట లాక్‌డౌన్ విధింపబడగా, పట్టణములలో కంపెనీ పనులు చేయు మన బిడ్డలనేకులు ల్యాప్‌టాపులతో ఇండ్లు చేరిరి. తరువాత కొందరు తిరిగి వెళ్లిరి. కొందరు నేటికిని ఇంటనుండియే పని చేయుచున్నారు.

పొలమునుండి వచ్చినవాని కాళ్లకు బురద ఉండును. మగ్గము నేయువాని యెదుట బట్ట పెరుగును. తెర వైపు చూచుచు కూర్చున్నవారి పనికి గురుతేది? అందుచేత “ఇంట్లోనే ఉన్నావు గదా” అను మాట సులువుగా వచ్చును. ముఖ్యముగా కోడలితో ఈ మాట అనుచున్నాము. నీళ్లు పట్టమందుము, వంట చూడమందుము, పిల్లవానిని ఎత్తుకొమ్మందుము. ఆమె పగలు ఇంటి చాకిరీ చేసి, రాత్రి కంపెనీ పని ముగించి నలిగిపోవును. ఆమె జీతము మాత్రము మనకు ఇష్టమే! ఇది న్యాయమా?

పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల అనువారి యొద్ద నుండి, వారితో కూడ డేరాలు కుట్టెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. వారి వృత్తి ఒక్కటే గనుక ఒకరి కష్టము ఒకరెరుగుదురు. మన యింటిలో వృత్తులు వేరు. కాబట్టి ఎరుగని కష్టమును నమ్మి గౌరవించుట మనము నేర్చుకొనవలెను.

పని చేయువారికిని ఒక మాట. యజమాని చూచునప్పుడే చేయు సేవను పౌలు కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో ఒప్పుకొనలేదు. పని చేయుచున్నట్టు కనబడుటకై మౌసును ఊరక కదిలించు చిన్న యంత్రములు నేడు అంగట అమ్ముచున్నారు. ఎవరును చూడని చోటనే మన నమ్మకత్వము తేలును.

వేర్వేరు పనులవారు ఒకే గదిలో కూర్చుండి ఎవరి పని వారు చేసికొను ఏర్పాటును కో-వర్కింగ్ అందురు. 2005లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అను ప్రోగ్రామరు దీనిని ఆ పేరుతో ఆరంభించెను. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియు, మండలముల వరకు ఇట్టి స్థలములు కట్టువారికి ప్రోత్సాహమిచ్చు ఉద్దేశమును ప్రకటించిరి. అంతవరకు మనము కాచుకొననేల? మన సండే స్కూలు గది ఆరు దినములు మూసియుండును. రెండు బల్లలు, కరెంటు, ఇంటర్నెట్ ఉన్న చాలును.

అయితే గది తెరచుట సులువు, మనస్సు తెరచుట కష్టము. రేపు కోడలు ల్యాప్‌టాపు తెరచినప్పుడు, బిందె తీసికొని కుళాయి యొద్దకు మనమే వెళ్లుదము.