‘మేము’ ‘మనము’ అగుట ఎట్లు?

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 16:9-15, నెహెమ్యా 3:1-12, 8:9-12, లూకా 15:25-32.



మన తెలుగు భాషలో ఒక విశేషము కలదు. ‘మేము’ అన్నచో మన మాట వినుచున్నవాడు వెలుపల నిలిచిపోవును. ‘మనము’ అన్నచో వాడు లోపలికి వచ్చును. అనేక భాషలలో ఈ రెంటికిని ఒకటే మాట. మనకు మాత్రము నోరు తెరచినంతనే ఎదుటివానిని కలుపుకొంటిమో, విడిచిపెట్టితిమో తెలిసిపోవును. పెండ్లి పందిటిలోను, ఆరాధనయైన తరువాత గుడి ముంగిటను “మావాళ్లు”, “మీవాళ్లు” అని మనమెన్నిసార్లు పలుకుదుమో జ్ఞాపకము చేసికొనుడి. పరాయివారు మనవారగుట ఎట్లు? ఒకే కప్పు క్రింద కూర్చున్నంత మాత్రమున అగుదురా? ఒకరికొకరు సహాయము చేసినచో అగుదురా? ఈ ప్రశ్నను దేవుని వాక్యపు వెలుగులో విచారింతము.

మన మైలవరము చుట్టునున్న కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరు 2024 సెప్టెంబరు మొదటి దినములలో పొంగి, కట్టలకు గండ్లు పడి, విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలను ముంచెను. ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజికి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చెను. మేడలమీద చిక్కుకొన్నవారికి పడవలలోను, ట్రాక్టర్లమీదను అన్నపు పొట్లములు, పాలు, మంచినీళ్లు చేరెను. పెట్టినవారి పేరు తిన్నవారికి తెలియదు. తిన్నవారి కులము పెట్టినవారు అడుగలేదు. మంచి సమరయుని కథ మన కన్నులయెదుట జరిగినట్లుండెను. ఇందునిమిత్తము దేవునికి స్తోత్రము చెల్లింపవలసినదే.

అయినను నీరు తీసిన తరువాత ఏమగును? ఇచ్చిన చేయి తన యింటికి పోవును. పుచ్చుకొన్న చేయి తన వాకిటి బురద కడుగుకొనును. మరల వీధిలో ఎదురుపడినను గుర్తుపట్టరు. ఆపదలో చేసిన సహాయము ప్రాణమును నిలుపును, గాని అది యొక్కటే సహవాసమును కట్టదు. ఏలయనగా ఇచ్చువాని చేయి పైనుండును, పుచ్చుకొనువాని చేయి క్రిందనుండును. ఆ రెండు చేతులును సమముగా నుండు స్థలములు రెండు కలవు: ఒకటి అందరును కలిసి చేయు పని, రెండవది అందరును కలిసి కూర్చుండు పంక్తి.

మొదటిదానికి నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చదువుడి. అది వట్టి పేర్ల జాబితాయని తలంచి దాటిపోవువారు కలరు. నిదానముగా చూచినచో అది ఒక ఊరి కథ. యెరూషలేము గోడ కట్టుటకు ప్రధానయాజకుడు వచ్చెను, కంసాలి వచ్చెను, పరిమళ ద్రవ్యములు చేయువాడు వచ్చెను. షల్లూము అనువాడు తన కుమార్తెలతో కూడ వచ్చెను. పట్టణములో ఇల్లు లేని యెరికోవారును, గిబియోనువారును, తెకోవవారును వచ్చిరి. ఒకని పని ముగిసినచోట ప్రక్కవాని పని ఆరంభమాయెను. తన ప్రక్కవాడు కట్టనియెడల తన గోడ వ్యర్థమని ప్రతివాడును ఎరిగియుండెను. ఏబదిరెండు దినములలో గోడ పూర్తియాయెను (6:15). తెకోవ ఊరి గొప్పవారు మాత్రము ఆ పనికి మెడ వంచలేదని గ్రంథము దాచక చెప్పుచున్నది. ప్రతి ఊరిలోను అట్టివారు కొందరుందురు కాబోలు!

పని అంతటితో ముగియలేదు. ఎనిమిదవ అధ్యాయములో జనులు ధర్మశాస్త్రము విని ఏడ్చుచుండగా, ఇది దుఃఖింపవలసిన దినము కాదు, పోయి భుజింపుడి, ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపుడి అని వారికి ఆజ్ఞయాయెను. సంతోషించుట ఆజ్ఞయా అని మనకు ఆశ్చర్యము కలుగవచ్చును. మోషే ధర్మశాస్త్రములోను అదే యున్నది. కొడవలి పైరుమీద వేసినది మొదలు ఏడు వారములు లెక్కించి పండుగ చేయవలెను. ఆ పండుగలో నీవును, నీ కుమారుడును, కుమార్తెయు, నీ దాసుడును, దాసియు, లేవీయుడును, పరదేశియు, తండ్రిలేనివాడును, విధవరాలును కలిసి సంతోషింపవలెను. కారణము కూడ దేవుడు చెప్పెను: ఒకప్పుడు నీవును ఐగుప్తులో దాసుడవే. పరదేశికి మిగిలినది పెట్టుమని మాత్రమే ఆయన చెప్పలేదు. వాడును నీ సంతోషములో పాలివాడు కావలెనని చెప్పెను.

సంతోషించువారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి అని అపొస్తలుడు రోమీయులకు వ్రాసిన బోధ (12:15) మనకందరికిని తెలియును. ఈ రెంటిలో ఏది కష్టము? నాలుగవ శతాబ్దపు గొప్ప బోధకుడైన యోహాను క్రిసొస్తొము ఆ మాటను వివరించుచు, ఏడ్చువారిని చూచి ఏడ్చుట స్వభావముచేతనే కలుగును, గాని ఇతరుల సంతోషములో అసూయ లేక సంతోషించుటకు మరి గొప్ప మనస్సు కావలెనని బోధించెను. ఇది నిజము కాదా? పొరుగువాని పాక కాలిపోయినచో బిందెలు పట్టుకొని పరుగెత్తుదుము. వాడు డాబా కట్టి గృహప్రవేశమునకు పిలిచినచో మన కాళ్లు బరువెక్కును.

మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రలోనే దీనికొక సాక్షి కలడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, మన తెలుగు నేర్చి, మన పల్లె ప్రజల మధ్య పరాయివాడుగా పని ఆరంభించెను. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీ మహాసభలో లేచి, మీరు ఆస్తిని ఇచ్చితిరి, శరీరములను కూడ అర్పించితిరి, అందుకు కృతజ్ఞులము, అయితే మాకు స్నేహితులు కూడ కావలెనని ఆయన పాశ్చాత్యులను వేడుకొనెను. పై చేయి, క్రింది చేయి అను బాధ ఆయనకు బాగుగా తెలియును. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పాయెను. తరువాత కృష్ణా సీమ సంఘములును ఆయన పాలన క్రిందికి వచ్చెను. ఆయన సంఘములలో మాలలును మాదిగలును విస్తారముగా చేరిరి. వారు ఒకరికొకరు దూరముగా మెలగుట మానలేదు. సంఘములో కుల భేదము ఉండరాదని ఆయన జీవితాంతము పట్టుపట్టెను. 1939 జనవరి 6న దోర్నకల్‌లో ప్రతిష్ఠింపబడిన ఆయన దేవాలయములో గుళ్ల పోలికయు, మసీదుల పోలికయు కలిసియుండుట నేటికిని చూడవచ్చును. ఈ నేలమీద పుట్టినవాడెవడును అచ్చట పరాయివాడు కారాదని ఆ రాళ్లే చెప్పుచున్నట్లుండును.

ఇక మన సంగతి. కోతల పండుగ దినమున మనము వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి వేలము వేయుదుము. ఒక సొరకాయకు పదింతల ధర పాడి అందరును నవ్వుదురు. అది మంచి నవ్వు. ఆ నవ్వులో ఎవరున్నారు? మామిడి తోటలలో కాపునకు, మిరప కోతకు, ఇటుక బట్టీలకు వేరే జిల్లాలనుండియు, వేరే రాష్ట్రములనుండియు వచ్చినవారు మన పొలిమేరలలోనే యున్నారు. వారికి పండుగనాడు పొట్లము కట్టి పంపుట మేలే. అంతకంటె మేలైనది మరియొకటి కలదు. వారికి పండుగలో పని ఇండు. పందిరి కట్టుటలో గుంజ పట్టనిండు, వంటలో గరిటె పట్టనిండు, వారి భాషలో ఒక పాట పాడనిండు. అతిథి ఒక పూటకు వచ్చిపోవును. మనతో కూడ పొయ్యి రాజేసినవాడు మనవాడగును.

ఒక హెచ్చరిక కూడ అవసరము. పండుగ సంతోషమంతయు దేవుని సంతోషము కాదు. కొరింథులో ఒకడు ఆకలిగొనియుండగా మరియొకడు మత్తుడై కూర్చుండెను (1 కొరింథీ 11:21). అప్పుచేసి పోటీగా పెట్టు విందు, ప్రక్కన కూర్చున్నవాడెవడో చూచి జాగా మార్చుకొను పంక్తి, ఇవి ప్రభువు బల్లను అవమానపరచును.

తప్పిపోయిన కుమారుని అన్నను తలంచుడి. అతడు సోమరి కాడు, పొలమునుండియే వచ్చుచుండెను. అన్ని యేండ్లు పని చేసెను, గాని తండ్రి యింటిలోని సంతోషములో చేరనొల్లలేదు. తమ్ముని గూర్చి మాటలాడుచు నీ కుమారుడని తండ్రితో అనెను. తండ్రి మృదువుగా ఆ మాటను దిద్ది, వాడు నీ తమ్ముడని చెప్పెను. అన్న లోపలికి పోయెనో లేదో ప్రభువు చెప్పక విడిచిపెట్టెను. ఆ వాకిలి నేడు మన ముందర తెరచియున్నది.

మనము మోకరించి దేవునితో ‘మా తండ్రీ’ అందుము. లేచి ప్రక్కవానివైపు తిరిగినప్పుడు ఆయనను ‘మన తండ్రి’ అనవలెను. మోకాళ్లమీదనుండి లేచిన తరువాత ఈ ఒక్క అక్షరము మార్చుకొనుటయే మన సంఘ జీవితమునకు పరీక్ష.

చీలినవారిని ఏకముచేయు ప్రభువు మన పనిని, మన పంక్తిని, మన సంతోషమును ఆశీర్వదించును గాక. ఆమేన్.