పాలు పడే బిస్కెట్లు

బాలింతను చూడ్డానికి వెళ్ళినవాళ్ళు బిడ్డ బరువు తర్వాత అడిగేది "పాలు పడ్డాయా?" అనే. ఆ ప్రశ్న వెంటే కాయం ఉండో, వెల్లుల్లి కారమో, మునగాకు కూరో, కోస్తాలో అయితే సొర పిట్టో వచ్చేవి. ఇక్కడ అమెరికాలో వాటి చోటికి లాక్టేషన్ కుకీలొచ్చాయి. ఓట్స్, అవిసె గింజల పొడి, వెన్న, బ్రౌన్ షుగర్, బ్రూవర్స్ ఈస్ట్. ఆ ఈస్ట్ చేదు తెలీకుండా గుప్పెడు చాక్లెట్ చిప్స్. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పన్నెండు నిమిషాలు. నేనూ చేస్తాను, బాగానే కుదురుతాయి.

అవి తింటే పాలు పెరుగుతాయా అంటే, పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదు. 2023లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో కొందరు తల్లులకి నెలరోజులపాటు ఈ కుకీలూ, మరికొందరికి మామూలు బేకరీ తిండీ ఇచ్చి చూశారు. పాలలో తేడా కనబడలేదు. ఇది తెలిసీ "పాలు పడతాయి తిను" అని డబ్బా చేతిలో పెట్టొచ్చా?

పెట్టొచ్చంటారు నా స్నేహితురాలు. నమ్మకంతో మనసు కుదుటపడుతుంది కదా అని. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆందోళనలో ఉన్న తల్లికి పాలు చేపుకు రావడం ఆలస్యమవుతుంది. కానీ నన్ను ఆపేది వేరే. డాక్టరిచ్చిన మందు పనిచెయ్యకపోతే మందు మారుస్తారు. వంటింటి మందు పనిచెయ్యకపోతే మాత్రం తప్పు తిన్నదాని మీదకి పోతుంది. సరిగ్గా తినలేదట, పథ్యం చెయ్యలేదట, దిగులు పెట్టుకుందట. ప్రేమగా ఇచ్చిన డబ్బాలోనే ఆ నింద కూడా ఉంటుంది.

పాలు ముఖ్యంగా బిడ్డ తాగడాన్ని బట్టి ఊరతాయి. పసిగుడ్డుకి రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టాలి. అన్నిసార్లు కూర్చోవాలంటే గిన్నెలు ఇంకెవరో తోమాలి, పెద్దపిల్లని బడికి ఇంకెవరో దింపాలి. పురిటింట్లో తల్లీ, అత్తా, పనిమనిషీ ఆ చాకిరీ చేసేవారు, పేరు కాయానికి వచ్చేది. (ఆ పురిటిగదిని మరీ పొగడక్కర్లేదు. దాహమన్నా మంచినీళ్ళివ్వని ఇళ్ళున్నాయి.) ఇప్పుడు చాకిరీ పోయి, తినేది ఒక్కటే మిగిలింది. డబ్బా ఇచ్చి అరగంటలో లేచి రావడం మనకీ సులువే.

అందుకని ఈస్ట్ మానేశాను. బిస్కెట్లంటాను, అంతే. భారత వైద్య పరిశోధన మండలి లెక్కలో పాలిచ్చే తల్లికి మొదటి ఆరునెలలూ రోజుకి 600 కేలరీలు అదనంగా కావాలి. అర్ధరాత్రి మూడింటికి ఒంటిచేత్తో తినగలిగేది ఏదైనా ఆమెకి అక్కరకొస్తుంది.

మొన్న ఒకమ్మాయి అడిగింది: "ఆంటీ, వీటిలో ఆ ఈస్ట్ వేశారు కదా?" వారంనుంచి డబ్బాపాలు కలుపుతోందట. "లేదమ్మా, ఆకలికి తెచ్చాను" అన్నాను. ముఖం చిన్నబోయింది. ఇంకో ఇంట్లో, ఇంకో అమ్మాయి అడిగినా అదే చెప్తాననుకుంటాను. అయినా ఆ పిల్ల ముఖం చూస్తుంటే, చెంచాడు ఈస్టే కదా అని ఒక్క క్షణం అనిపించింది.