రిటైరయ్యాక ఏ ఊళ్లో ఉందాం?

మీకు ఇంకో రెండేళ్ల సర్వీసుంది అనుకోండి. గుడివాడలోనో బందరులోనో మీ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. అమ్మాయి హైదరాబాద్ వచ్చేయమంటుంది. అల్లుడు విశాఖ అంటాడు, సముద్రం, చల్లగాలి. ఇంకొకరు విజయవాడ చాలంటారు, పెద్దాసుపత్రులున్నాయి, అవనిగడ్డ బస్సూ దొరుకుతుంది. అన్నీ మంచి మాటలే. అయినా మీ మనసు ఒకచోట నిలవదు.

80వ ఏట తథాగతుడి దగ్గరా ఈ ప్రస్తావన వచ్చింది. కుసినారలో జంట సాలవృక్షాల మధ్య ఆయన ఆఖరిసారిగా పడుకున్నాడు. ఆనందుడు తట్టుకోలేకపోయాడు. ఈ మట్టిగోడల ఊళ్లో, అడవి పక్కన కన్నుమూయడమేమిటి? చంపా, రాజగృహం, శ్రావస్తి, సాకేతం, కోశాంబి, వారణాసి ఉన్నాయి కదా, అక్కడ కలిగిన భక్తులున్నారు, అంత్యక్రియలు ఘనంగా చేస్తారు అని బతిమాలాడు. మహాపరినిబ్బాన సుత్తంలో ఉంది ఈ సంగతి. చూశారా, ఆనందుడి లెక్క కూడా అచ్చం మన లెక్కే!

ఈ ఊరిని చిన్నదనకు, ఒకప్పుడిది కుసావతి అనే రాజధాని అన్నాడు బుద్ధుడు. ఊళ్లోని మల్లులకు కబురు పెట్టమన్నాడు, మన ఊళ్లోనే ఉండి కూడా ఆఖరిచూపు దక్కలేదని వాళ్లు తర్వాత బాధపడకూడదని. ఆ రాత్రే సుభద్దుడనే పరివ్రాజకుడు సందేహం తీర్చుకుందామని వచ్చాడు. ఆనందుడు అడ్డుపడ్డాడు. రానివ్వమన్నాడు బుద్ధుడు.

కుసావతి కథ మనకి కొత్త కాదు. ఘంటసాల ఒకప్పుడు ఓడల వ్యాపారంతో, స్తూపంతో వెలిగింది. ఇప్పుడు పల్లెటూరు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు పోటీపడి కోఠీలు పెట్టిన బందరులో 1864 ఉప్పెనకి దాదాపు 30,000 మంది పోయారు. ఆనాడు మిమ్మల్ని మంచి ఊరు ఎంచుకోమంటే ఉప్పెన ముందురోజు వరకూ బందరు పేరే చెప్పి ఉండేవారేమో.

అలాగని పల్లెకి తిరిగి పొమ్మని నేను అనడం లేదు. పల్లె గొప్పల్ని బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే ఎండగట్టారు. ఊరి చివర పేటలో పుట్టినవాడికి ఇంటిపేరు అడగని వీధి కావాలనిపించడం తప్పెలా అవుతుంది? గుండెజబ్బు మనిషి ఆసుపత్రి పక్కన ఉండాలనుకోవడం తృష్ణ కాదు. తృష్ణ ఎక్కడుందంటే, ఊరు మారితే ముసలితనం మన అడ్రసు మర్చిపోతుందనుకోవడంలో ఉంది.

మా పేట మాష్టారొకాయన రిటైరై హైదరాబాదులో 8వ అంతస్తు ఫ్లాటుకి వెళ్లారు. సాయంత్రం ఆరయ్యేసరికి నాకు ఫోను. "పిల్లలొచ్చారా? ఎవరు చెబుతున్నారు లెక్కలు?" ఆయన ఈడువాడే ఇంకొకాయన బందరులోనే ఉండిపోయి, టీవీ ముందు కూర్చుని ఇల్లంతటినీ తిడుతుంటాడు. మరి ఊరు ఎవరికి ఏం చేసినట్టు?

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లు, లిఫ్టు, గాలి అన్నీ అడగండి. పొద్దున పదింటికి మీ తలుపు తట్టే మనిషి, మీరు తట్టగల తలుపు ఆ వీధిలో ఉన్నాయా అని కూడా చూసుకోండి.

మాష్టారు పోయిన వేసవిలో మూడు నెలలకని పేటలో గది అద్దెకి తీసుకున్నారు. ఫ్లాటు అమ్మలేదు, డాక్టరు అక్కడే కదా. నల్లబల్ల మాత్రం వెంట తెచ్చుకున్నారు.