గడప దగ్గర మిగిలిన యాత్ర

మహాశివరాత్రి దగ్గరపడుతుంటే ఆత్మకూరు దారులు శివనామంతో హోరెత్తుతాయి. వెంకటాపురం దాటితే ఊళ్ళు అయిపోయి అడవి మొదలవుతుంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఈ నల్లమల కాలిబాట శ్రీశైలం చేరుస్తుంది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఇప్పుడు ఇదంతా పులుల అభయారణ్యం. లోపలికి పోయేకొద్దీ ఫోన్లు మూగబోతాయి. ఎండ, రాళ్ళు, భీముని కొలను దగ్గర ప్రాణం కడబట్టించే దిగుడూ ఎక్కుడూ. ఉగాదికైతే కన్నడ భక్తులు ఇంకా దూరం నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లన్నను అల్లుడిగా భావించి చీర, పసుపుకుంకుమలు తెస్తారు.

దర్శనం అయ్యాక యాత్ర ముగిసిందనుకుంటారు. నిజానికి ఇంకో మజిలీ ఉంది. అది ఇంటి గడప.

భర్త అడవిలో ఉన్నన్నాళ్ళూ భార్య ఇంట్లో ఉంది. పిల్లల బడి, అత్తమామల మందులు, గొడ్ల మేత అన్నీ ఆమె మీదే పడ్డాయి. ఫోను మోగనప్పుడల్లా గుండె గుబగుబలాడింది. చాలా ఇళ్ళల్లో అతను శివదీక్ష మాల వేసుకున్న రోజు నుంచీ ఆమె వంటిల్లు కూడా దీక్షలోనే ఉంటుంది. తెల్లవారుజామున లేవాలి, మడిగా వండాలి, ఉల్లీ వెల్లుల్లీ మానాలి. మెడలో మాల లేదన్న మాటే గాని, నియమాలన్నీ ఆమెవీనూ. మరి ఈ యాత్ర ఫలం ఎవరిది?

సగం భార్యకు వస్తుందిలే అని పెద్దలు ఓదార్పుగా అంటారు. మంచి మాటే, కానీ చాలదు. సగం ఇస్తానంటే మొత్తం ముందు అతనిదే అయి ఉండాలి కదా! పెళ్ళిపీటల మీద ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను అతిక్రమించనని మాటిచ్చినవాడికి యాత్ర కూడా ధర్మమే. ఆ మూడింటిలో ధర్మం పేరే ముందు వస్తుంది. కాబట్టి ఆమెకు వాటా దయతో ఇచ్చేది కాదు, మొదటి నుంచీ ఉన్నది.

దీన్ని బౌద్ధులు చాలా సూటిగా చెప్పారు. పాలి జాతక కథలకు పీఠికగా ఉన్న నిదానకథలో బుద్ధుడు జ్ఞానోదయం తర్వాత కపిలవస్తుకు వస్తాడు. ఊరంతా ఎదురెళ్ళినా యశోధర గది దాటదు. తనలో గుణమంటూ ఉంటే ఆయనే వస్తాడని ఊరుకుంటుంది. ఆయన వెళ్తాడు. ఆమె తనకు ఎలా నమస్కరించాలనిపిస్తే అలా చేయనివ్వమని ముందే చెప్పి మరీ వెళ్తాడు. ఆమె ఆ పాదాలు పట్టుకుని తల ఆన్చుతుంది. అప్పుడు శుద్ధోదనుడు కోడలి సంగతి చెబుతాడు: ఆయన కాషాయం కట్టాడని విని ఈమె కాషాయం కట్టింది, ఒంటిపూట తింటున్నాడని విని ఒంటిపూటే తిన్నది, పెద్ద మంచం వదిలాడని విని తానూ వదిలింది. గడప దాటకుండానే ఆమె ఆ దారంతా నడిచింది. దానికి గుర్తింపుగా ఆయన ఆమె గదికి నడిచి వచ్చాడు.

మన తెలుగు ఆడవాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. రామాయణం రాసినవాళ్ళు ఊర్మిళను పెద్దగా పట్టించుకోకపోయినా పాటలు పాడుకున్నవాళ్ళు మరవలేదు. ఊర్మిళాదేవి నిద్ర పాటలో లక్ష్మణుడు 14 ఏళ్ళు అడవిలో మేలుకుని ఉంటే అతని నిద్ర కూడా ఆమే పోతుంది. వెల్చేరు నారాయణరావు స్త్రీల రామాయణ పాటల మీద రాసి, 1991లో అచ్చయిన వ్యాసం ఈ పాటను ప్రపంచ పండితుల దృష్టికి తెచ్చింది. పాటలో అన్నిటికన్నా గొప్ప ఘట్టం లక్ష్మణుడు తిరిగి వచ్చాక జరిగేది. ఊర్మిళ సంగతి గుర్తుచేసి అతన్ని ఆమె దగ్గరికి పంపించేలా చేసేది సీతే. తీరా వెళ్తే ఊర్మిళ గుర్తుపట్టదు! ఎవరు నువ్వు, పరాయి ఆడదాని గదిలోకి ఎలా వచ్చావని నిలదీస్తుంది. అహల్య జోలికి పోయిన ఇంద్రుణ్ణి, సీతను ఎత్తుకుపోయిన రావణుణ్ణి గుర్తుచేసి హెచ్చరిస్తుంది. లక్ష్మణుడు తానెవరో చెప్పుకోవలసి వస్తుంది. స్నానాలూ భోజనాలూ ఆ తర్వాతే.

ఈ పాట కట్టిన ఇల్లాళ్ళకు ఒక నిజం తెలుసు. అడవికి పోయినవాడూ, ఇంట్లో ఉన్నదీ ఇద్దరూ మారతారు. వచ్చీ రాగానే పాత చనువు పాత చోటే దొరుకుతుందనుకోవడం అన్యాయం. మళ్ళీ పరిచయం కావాలి. అందుకు కాస్త వ్యవధి కావాలి, కొంత కోపమూ కావాలి.

ఆ కోపానికి మన గుళ్ళు బాహాటంగానే చోటిచ్చాయి. పూరీలో ఆషాఢ శుద్ధ విదియనాడు జగన్నాథుడు అన్నతో, చెల్లెలితో రథమెక్కి గుండిచా గుడికి వెళ్తాడు. లక్ష్మిని తీసుకెళ్ళడు. పంచమినాడు ఆమే వెతుక్కుంటూ వెళ్తుంది. స్వామి నందిఘోష రథంలో చిన్న ముక్క విరగ్గొట్టి వేరే దారిన వెనక్కి వస్తుంది. త్రయోదశినాడు, నీలాద్రి బిజే అనే వేడుకలో, అతను గుడికి తిరిగొస్తే అన్నాచెల్లెళ్ళు లోపలికి వెళ్తారు, అతని ముఖం మీద తలుపు పడుతుంది. అటు లక్ష్మి తరఫున, ఇటు స్వామి తరఫున సేవకులు వాదులాడుకుంటారు. చివరికి రసగుల్లాలు సమర్పించుకుంటే గాని తలుపు తెరుచుకోదు. తిరుమలలోనూ వైకుంఠ ఏకాదశి నుంచి ఆరో రోజున ప్రణయకలహోత్సవం జరుగుతుంది. అమ్మవార్ల తరఫున స్వామి మీదకు పూలబంతులు విసురుతారు.

ఇది వినోదం కోసం పెట్టిన తంతు మాత్రమే కాదు. అలకను పాపంగా, అపచారంగా చూడని ధర్మం ఇందులో ఉంది. దేవుడే గడప బయట నిలబడి సమాధానం చెప్పుకోవలసి వచ్చినప్పుడు, శ్రీశైలం నుంచి వచ్చినవాడు విభూతి పొట్లం చూపించి తప్పించుకోవడం కుదరదు.

ఇంటికొచ్చినవాడి కాళ్ళ సంగతి చూడండి. మడమల మీద బొబ్బలు చితికి ఉంటాయి, బొటనవేలి గోరు నల్లబడి ఉంటుంది, అరికాల్లో ఎక్కడో ముల్లు విరిగి ఉంటుంది. ఆమె బకెట్లో ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళు పెడుతుంది, కళ్ళజోడు సవరించుకుని పిన్నీసుతో ముల్లు తీస్తుంది. ఆ అరగంటా అతను కదలకుండా కూర్చోవాలి. అడవి కబుర్లు, దర్శనం విశేషాలు ఎక్కడికీ పోవు. ముందు ఇక్కడెలా గడిచిందని అడిగి, ఆమె చెబుతుంటే అడ్డుపడకుండా వినాలి: చిన్నదానికి రెండు రాత్రులు జ్వరం, బోరు మోటారు కాలిపోవడం, మావయ్య మందులకు పక్కింటాయనను పంపడం.

ఇప్పుడు నల్లమల బాటలో ఆడవాళ్ళ గుంపులు కూడా కనిపిస్తున్నాయి. కొన్ని ఇళ్ళల్లో వంట, బడి, మందులు భర్త చూసుకుంటూ ఆమె కోసం బస్టాండుకు ఎదురెళ్తున్నాడు. ఆ ఇంట్లో బకెట్టూ పిన్నీసూ అతని చేతిలో ఉంటాయి. ఇంటి సంగతులు అతను చెబుతాడు, ఆమె వింటుంది.